అతుకు కాడ

గద్వాల బస్టాండులో పొద్దున్నే ముగ్గురం వనపర్తి బస్సెక్కాం. నేను, నా చిన్ననాటి స్నేహితుడు, అతని మేనల్లుడు. స్నేహితుడు ఒక సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసి రిటైరయ్యాడు. కుర్రవాడు డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో మగ్గం ఉంది, మగ్గం మీద అప్పు ఉంది. నాగర్‌కర్నూల్‌లో తెలిసినాయన ఒకరు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతున్నాడు. అల్లుణ్ని అక్కడ నెల జీతానికి కూర్చోబెట్టాలని మామ ఆలోచన. వాడికేమో సైబర్ సెక్యూరిటీ కావాలి. రెండేళ్లుగా ఎవరూ చెప్పకుండా తనంతట తానే నేర్చుకుంటున్నాడు. దారి పొడుగునా ఇద్దరూ వాదించుకున్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని విన్నాను. ఏకలవ్యుడి పేరు ఎక్కడొస్తుందోనని భయపడ్డాను కానీ, అదృష్టం, రాలేదు.

మామ: ముందు ఒకటి చెప్పు. రాత్రి రెండు దాకా ఫోన్‌ల ఏం జేస్తవు? మీ అమ్మ నాకు ఫోన్ జేసి ఏడుస్తది. రమ్మీ ఆడుతున్నవనుకుంటున్నది.

అల్లుడు: ఆటనే మామా, రమ్మీ గాదు. బ్యాండిట్ అంటరు. ఓవర్‌దవైర్ అనే సైటుల ఉంటది, పైస అడగరు. ఎక్కడ్నో ఉన్న కంప్యూటర్ల మనం లాగిన్ కావాలె. అండ్ల దాచిన పాస్‌వర్డ్ దొరికితే, దాంతోని పై మెట్టు ఎక్కుతం.

మామ: అంటే దొంగతనం నేర్పే ఆట.

అల్లుడు: తాళం పెట్టింది వాళ్లే, తియ్యమన్నది వాళ్లే. దొంగతనమెట్లయితది? దానికి లాప్‌టాప్ గూడ అక్కరలేదు, ఫోన్‌ల టెర్మక్స్ ఏసుకుంటే చాలు. ఒక మెట్టుల ఫైలు పేరే ఒక చిన్న గీత, ఉత్త హైఫన్. మామూలుగ ‘క్యాట్’ అని కొట్టి ఫైలు పేరు రాస్తే లోపలున్నది చూపిస్తది. పేరు హైఫన్ అయ్యేసరికి మిషన్ దాన్ని పేరనుకోదు. నేనే ఏదో టైపు జేస్తనని ఎదురుజూస్తది. అది నాకోసం, నేను దానికోసం, రెండు రాత్రులు అట్లనే కూచున్నం. మూడో రాత్రి తట్టింది, హైఫన్ ముందట చుక్క, ఏటవాలు గీత పెట్టాలని.

మామ: ఒక్క గీతకు రెండు రాత్రులా? క్లాసుల సారు రెండు నిమిషాల్ల చెప్పేటోడు.

అల్లుడు: చెప్పేటోడు. నేను రాసుకొని మర్చిపోయేటోణ్ని. రాసినోడు ఒకటనుకుంటడు, మిషన్ ఇంకొకటనుకుంటది. గా రెండిటి నడుమ సందు ఉంటది జూడు, హ్యాకింగ్ అంటే గదే మామా. ఆ రెండు రాత్రులు కూచోకుంటే నాకిది సమజయ్యేది కాదు.

ఇక్కడ నాకు వాళ్లింటి మగ్గం గుర్తొచ్చింది. గద్వాల చీరలో నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు దారాల స్వభావం వేరు, సాగే తీరు వేరు. అవి కలిసే చోట ఒక్క నాడెతో పని జరగదు. ఇద్దరు కూర్చుని, ఎవరి నాడె వాళ్లు విసురుతూ, పోగుకు పోగు మెలివేయాలి. తెలిసినవాళ్లు చీర కొనేటప్పుడు జరీ చూడరు, తిరగేసి ఆ అతుకు చూస్తారు. ఈ కుర్రవాడు బడికి పోయే వయసు నుంచీ తల్లి పక్కన కూర్చుని అవతలి నాడె అందుకున్నవాడు. లోపం ఎక్కడుంటుందో వెతకడం వాడికి ఫోనులో కొత్తగా అబ్బిన విద్య కాదు. ఈ మాట వాళ్లిద్దరికీ చెప్పలేదు. చెబితే మామ, మగ్గమే నేయమనేవాడు.

ఎర్రవల్లి చౌరస్తా దాటి బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. కింద కృష్ణ. మామ ఆంజనేయస్వామి గుడివైపు దండం పెట్టుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

మామ: సరే, నీ అంతట నువ్వే నేర్చుకున్నవు. తప్పు నేర్చుకుంటే దిద్దేటోడెవరు?

అల్లుడు: మొదటి ఆర్నెల్లు తప్పే నేర్చుకున్న. దాచేదేముంది? నాలుగు జీబీ ర్యామున్న పాత లాప్‌టాప్‌ల వర్చువల్‌బాక్స్, అండ్ల కాళీ లైనక్స్. మౌస్ కదిలిస్తే అర నిమిషానికి కదిలేది. వీడియోల ఆయన ఏ కమాండ్ కొడితే అది కొట్టిన. ఎందుకు కొట్టిన్నో నాకే తెల్వదు. టెలిగ్రాంల ఒకడు నెల రోజుల్ల హ్యాకర్‌ను జేస్తనంటే మూడు వేలు పంపిన. వాడు పంపింది ఎవరివో దొంగ కాపీలు. అమ్మకు చెప్పలే.

మామ: మూడు వేలు!

అల్లుడు: చీర కూలి మామా. ఎన్ని రోజులదో నాకెరుక. అటెన్క సాధనాలన్నీ పక్కకువెట్టి నెట్‌వర్కింగ్ చదివిన. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు పుక్కటివే, పరీక్ష రాస్తేనే ఫీజు. వైర్‌షార్క్ పెట్టి మా ఇంటి వైఫైల నా ఫోను నా లాప్‌టాప్‌తోని ఏం మాట్లాడుతుందో చూసిన. నేనే ఒక చిన్న లాగిన్ పేజీ రాసి, తాళం గుర్తు లేకుండ ఉత్త హెచ్‌టీటీపీ మీద పెట్టి, పాస్‌వర్డ్ కొట్టిన. వైర్‌షార్క్‌ల నా పాస్‌వర్డ్ అక్షరానికి అక్షరం కనవడ్డది. చెమటవట్టింది. వెబ్‌సైట్ల లోపాలకు పోర్ట్‌స్విగర్ వాళ్ల అకాడమీ ఉంది, అదీ పుక్కటే. వాళ్లే ఓటి సైట్లు కట్టి ఇస్తరు, మనం పలగ్గొట్టాలె.

మామ: అంతా ఇంగ్లీషే గద. నువ్వు పదోతరగతి దాకా తెలుగు మీడియం.

అల్లుడు: నాకు ఇంగ్లీషు నేర్పింది ఎర్రర్ మెసేజ్‌లే. ‘పర్మిషన్ డినైడ్’ అన్నమాటను ఎన్నిసార్లు చూసిన్నో!

మామ: ఆ మాట గుర్తువెట్టుకో, మళ్ల అడుగుత.

పెబ్బేరులో బస్సు చాలాసేపు ఆగింది. పల్లీల గంప పట్టుకుని ఒకామె ఎక్కింది. మామ మూడు పొట్లాలు కొన్నాడు. అతను వాదనలో గెలుస్తున్నప్పుడే తినడానికి ఏదైనా కొంటాడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మామ: నేను బ్యాంకోణ్ని. మహేశ్ బ్యాంకు సంగతి చెప్త, ఇను. హైదరాబాద్‌ల సహకార బ్యాంకు. 2022 జనవరిల పన్నెండు కోట్లకు పైన కొట్టేసిన్రు. తుపాకీ లేదు, గునపం లేదు. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు మెయిళ్లు వచ్చినయి. ఎవరో తెరిసిన్రు. లోపలికి వచ్చినోడు నెలల తరబడి కూచుని చూసి, ఒక శని, ఆదివారం జూసి పైసల్ని మలిపిండు. సూపర్ యూజర్ అధికారం ఉండాల్సినోళ్లకంటె ఎక్కువమందికి ఇచ్చిన్రని పోలీసులే చెప్పిన్రు. తర్వాత రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా ఏసింది. ఇసొంటి చోట నిన్ను, కాగితం లేనోణ్ని, కంప్యూటర్ ముందట ఎవడు కూచోవెడతడు? బ్యాంకుల క్యాషియర్‌కు గూడ జామీను అడుగుతరు. నీకు జామీను ఎవరు?

అల్లుడు: ఆ బ్యాంకుల ఉన్నోళ్లందరికీ డిగ్రీలున్నయి గద మామా.

మామ: అడ్డదిడ్డం మాట్లాడకు.

అల్లుడు: అడ్డం గాదు. ఆ మెయిల్ చూసి ‘ఇది ఉత్తది’ అనేటోడు ఒక్కడు ఉంటే సాలు. మా వాడకట్టుల పోయినేడు ఒకాయనకు వాట్సాప్‌ల పీఎం కిసాన్ పేరుతోని ఫైలొచ్చింది. ఏపీకే. నొక్కిండు. ఇరవై రెండు వేలు పోయినయి. 1930కి ఫోన్ జేసింది నేనే. తర్వాత అదే ఫైల్‌ను సిమ్ లేని పాత ఫోన్‌ల ఏసి చూసిన. ఎక్కిన వెంటనే ఏమడిగిందనుకున్నవు? ఎస్సెమ్మెస్‌లు చదవనిస్తవా అని. ఇస్తే అయిపాయె, ఓటీపీలన్నీ వాడికి పోతయి. దొంగోడు గూడ పర్మిషన్ అడిగే వస్తుండు మామా. మనమే ‘అలో’ నొక్కుతున్నం.

మామ కాసేపు పల్లీలు ఒలుచుకున్నాడు. జామీను మాటకు జవాబు రాలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. తెలివికి గుర్తింపు వేరు, నమ్మకానికి జామీను వేరు. సొంతంగా చదువుకున్నవాడికి మొదటిది ఎలాగోలా దొరుకుతుంది. రెండోది కాలేజీ పేరుతోనో, కులం పేరుతోనో, తెలిసినవాళ్ల పేరుతోనో దొరకడం మన దగ్గర అలవాటు.

వనపర్తిలో దిగి టీ తాగాం. మామ చదివింది ఇక్కడే, రాజావారి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో. ‘ఆ గోడల నడుమ డ్రాయింగు బోర్డు మోసినోణ్ని’ అని ఏ టీకొట్టు దగ్గరైనా చెప్తాడు. ఇప్పుడు ఊళ్లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. అటు చూపించి అల్లుణ్ని నాలుగు అన్నాడు. అదంతా మీకు తెలిసిందే. అసలు విషయం రెండో టీ దగ్గర బయటపడింది. అల్లుడే చెప్పాడు. చెప్పకుండా ఉంటే గెలిచేవాడేమో.

అల్లుడు: మామా, ఒకటి జరిగింది. పోయినేడు ఒక కాలేజోళ్ల సైటుల మెమో చూసుకుంటుంటే, పైన అడ్రస్‌ల నా హాల్‌టికెట్ నంబర్ కనవడ్డది. చివరి అంకె మార్చి చూసిన. పక్కోని మెమో తెరుసుకున్నది. పేరు, పుట్టిన తేదీ, ఫోటో, అన్నీ.

మామ: ఎన్నిసార్లు మార్చినవు?

అల్లుడు: ఒక్కసారే. వెంటనే మూసేసిన.

మామ: ఎవరికన్న చెప్పినవా?

అల్లుడు: భయమైంది.

మామ: భయం ఎందుకైంది? తప్పు జేసినవని నీకు తెలుసు. ఐటీ చట్టం సెక్షన్ 43 ఏమంటది? యజమాని అనుమతి లేకుండ కంప్యూటర్ల చెయ్యివెడితే పరిహారం కట్టాలె. సెక్షన్ 66 ఏమంటది? మూడేండ్ల దాకా జైలు, లేకుంటె ఐదు లక్షల దాకా జరిమానా, లేకుంటె రెండూ.

అల్లుడు: 66ల ‘నిజాయితీ లేకుండ, మోసంతోని’ జేస్తేనే అని ఉంది మామా. నేను చదివిన.

మామ: ఆ మాట తేలేది కోర్టుల. నీ ఫోను పోయేది స్టేషన్ల. హాక్ ఐ సంగతి మర్చిపోయినవా? 2024 జూన్‌ల. మన తెలంగాణ పోలీసుల యాప్‌లకెల్లి డేటా తీసి అమ్మకానికి పెట్టినోణ్ని సైబర్ సెక్యూరిటీ బ్యూరోవాళ్లు ఢిల్లీ దాకా పోయి పట్టుకున్నరు. ఎవడనుకున్నవు? ఇరవై ఏండ్ల స్టూడెంటు. నీ అంతోడే.

అల్లుడు: వాడు అమ్మిండు. నేను మూసేసిన.

మామ: తలుపు రెండిండ్లల్లో తెరిసింది ఒకటే తీరు.

అల్లుడు: కాదు మామా. చెప్పే దారి లేకనే నేను మూసేసిన. చెప్పినోళ్లకు ఏమైందో చూడు. సాయికృష్ణ కొత్తపల్లి అని తెలుగాయన, గువాహటి ఐఐటీల చదువుతున్నప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ లోపలి సైటుల బొక్క ఉందని చెప్పిండు. పట్టించుకోలే. రెండేండ్లకు, 2018ల, ఫ్రాన్సుకెల్లి ఇంకొకాయన ట్విట్టర్‌ల బజారుకెక్కిస్తే అప్పుడు ఉరికిన్రు. వేల మంది ఉద్యోగుల వివరాలు అన్ని దినాలూ బయట్నే ఉన్నట్టు. ఎవడిది తప్పు? తాళం లేదని చెప్పినోనిదా, ఏసుకోనోనిదా?

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. ఇద్దరూ సగం సగం సరైన మాటలే చెబుతున్నారు. సదుద్దేశంతో లోపం చూపినవాణ్ని కాపాడతామని స్పష్టంగా చెప్పే సెక్షన్ మన ఐటీ చట్టంలో లేదు. అలాగని చెప్పే దారే లేదనడం కూడా నిజం కాదు. 2004 నుంచి సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఉంది. లోపాల గురించి ఎవరు రాసినా తీసుకుని, సంబంధించిన వాళ్లకు చేరవేస్తుంది. 2021 నుంచి లోపాలకు అంతర్జాతీయ నంబర్లు ఇచ్చే అధికారం కూడా దానికి ఉంది. పెద్ద కంపెనీలు కొన్ని ‘మా సైటులో ఇంతవరకు వెతకొచ్చు, ఇది దాటొద్దు’ అని హద్దులు రాసి, దొరికినదానికి డబ్బు కూడా ఇస్తాయి. కుర్రవాడు సెర్ట్-ఇన్‌కు రాయవచ్చు. రాయలేదు. అంకె మార్చడం పిల్లచేష్ట అనుకుందాం. తర్వాత చెప్పకపోవడం నాకైతే అంతకంటే పెద్ద తప్పుగా కనిపించింది. ఆ మాటే అన్నాను. వాడు టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కాక వాడు కొత్త పేరు తీశాడు.

అల్లుడు: మార్కస్ హచిన్స్ అని ఇంగ్లండాయన. యూనివర్సిటీకే పోలే మామా. 2017 మే నెలల వన్నాక్రై వచ్చింది గద, దేశదేశాల కంప్యూటర్లకు తాళమేసి పైసలడిగింది. పక్క రాష్ట్రంల పోలీసుల కంప్యూటర్లకే పట్టింది. ఈయన ఆ వైరస్‌ను ఇప్పి చూస్తె అండ్ల ఒక పిచ్చి వెబ్‌సైటు పేరు కనవడ్డది. ఎవరి పేర్న లేదు. పదకొండు డాలర్లు గూడ పెట్టలే, కొనేసిండు. ఆ సైటు పలికితె వైరస్ ఆగిపోయేటట్టు రాసి ఉండె. ఆగిపోయింది.

మామ: తర్వాత?

అల్లుడు మాట్లాడలేదు. తర్వాతి సంగతి వాడికి తెలుసు, నాకూ తెలుసు. నేనే చెప్పాను. మూడు నెలలు తిరక్కుండానే, ఆ ఏడాది ఆగస్టులో, అమెరికా పోలీసులు లాస్ వేగాస్‌లో అతన్ని అరెస్టు చేశారు. బ్యాంకు ఖాతాల వివరాలు దొంగిలించే క్రోనోస్ అనే ప్రోగ్రాం రాయడంలో కుర్రతనంలో అతని చెయ్యి ఉంది. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అతను చేసిన మంచిని కూడా లెక్కలో వేసి, జడ్జి మళ్లీ జైలుకు పంపకుండా వదిలాడు.

మామ: అంటే దొంగా వాడే, కాపలాదారూ వాడే.

అల్లుడు: అవును. ఇంట్ల ఒక్కడే కూచుని నేర్చుకునేటోనికి ‘ఇది నేర్చుకో’ అని చెప్పేటోళ్లు వెయ్యిమంది దొరుకుతరు మామా. ‘ఇది చెయ్యకు’ అనేటోడు ఒక్కడు దొరకడు.

మామ: పొద్దటిసంది నేనంటున్నది గదే!

అల్లుడు: నువ్వు చెయ్యకు అంటలేవు, నేర్చుకోకు అంటున్నవు. రెండూ ఒకటి గాదు.

ఆ ఒక్క మాటకు మామ దగ్గర జవాబు లేదు. పల్లీలు కూడా అయిపోయాయి.

బిజినేపల్లి దాటేదాకా జీతం లెక్కలు నడిచాయి. కుర్రవాడు అడుగుతున్నది సినిమాల్లో చూపించే పని కాదని అప్పుడు తెలిసింది. వాడికి కావాల్సింది ఎస్ఓసీలో పని. ఎస్ఓసీ అంటే కాపలా గది. రాత్రీ పగలూ షిఫ్టులు, తెర మీద పడే హెచ్చరికల్లో ఏది నిజమో ఏది ఉత్తదో తేల్చి, రాసి, పైవాడికి పంపడం. ‘వాచ్‌మన్ పని’ అన్నాడు మామ. ‘వాచ్‌మన్ పనే’ అన్నాడు వాడు. దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని 2022లో సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది కాబట్టి కంపెనీలకు ఈ వాచ్‌మన్లు కావాలి. మామకు నచ్చింది మాత్రం వేరే. ఓఎస్‌సీపీ అనే పరీక్షలో ఒక రోజంతా కంప్యూటర్లను ఛేదించాక, మరో 24 గంటలు రిపోర్టు రాయడానికే ఇస్తారట. ‘వోచర్ లేకుంటే ఖర్చే లేనట్టు’ అని తల ఊపాడు. ఫీజు వినగానే ఊపడం మానేశాడు.

మామ: సరే. ఆర్నెల్లు షాపుల కూచో. పైసలు జమ జేసుకో. అటెన్క నీ ఇష్టం.

అల్లుడు: నాయన ఆర్నెల్లనే బొంబాయి పోయిండు మామా. పన్నెండేండ్లు ఉన్నడు.

తర్వాత నాగర్‌కర్నూల్ వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. వలసల పాలమూరులో ఆ మాటకు ఎదురు మాట ఉండదు.

షాపు ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, గోడ మీద పథకాల పోస్టర్లు. యజమాని మంచివాడు, కుర్చీలు వేయించాడు. కుర్రవాడి చూపు మాత్రం మానిటర్ అంచు మీద ఆగింది. అక్కడ తెల్ల కాగితం మీద నీలి పెన్నుతో పాస్‌వర్డ్ రాసి టేపుతో అతికించి ఉంది. తెర మీద ఎవరెవరివో ఆధార్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు వరసలు వరసలుగా ఉన్నాయి. వాడి చెయ్యి మౌస్ వైపు అంగుళం కదిలింది. ఆగింది. వాడు మామ వైపు చూశాడు. మామ కూడా ఆ కాగితమే చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు లాకర్ తాళంచెవులు దాచిన కళ్లు కదా.

మామ: ఏమన్నా, మావోడు నీ కంప్యూటర్లు ఒకసారి చూస్తడట. చూడనిస్తవా?

యజమాని: చూడనియ్యి. దానికేముంది, ఇయ్యాల్టి నుంచి వానియ్యే గద.

అల్లుడు: ఊకె గాదన్నా. కాగితం మీద రాసియ్యాలె. ఈ రెండు కంప్యూటర్లే. మనం లాగినయ్యే సర్కారు సైట్లు ఇండ్ల రావు, అవి మనయి గావు. ఏం చూసిన్నో, ఏం దొరికిందో రాసి నీకే ఇస్త, ఇంకెవ్వరికీ చెప్ప.

యజమాని: సంతకమా? అప్పు పత్రమా ఏంది?

మామ: పెట్టన్నా. నేను సాక్షి సంతకం వెడత.

కుర్రవాడు ట్రేలోంచి ఒక తెల్ల కాగితం తీసుకుని, తేదీ వేసి, తెలుగులో ఆరు లైన్లు రాశాడు. యజమాని చదవకుండానే సంతకం పెట్టాడు. మామ రెండుసార్లు చదివి, ఒక చోట కామా పెట్టించి, అప్పుడు పెట్టాడు. ఒక కాపీ తన దగ్గర ఉండాలని కుర్రవాడు కాగితాన్ని జిరాక్స్ మిషన్ మీద పెట్టాడు.

“రెండు రూపాయలు” అన్నాడు యజమాని. మామ జేబులు తడుముకున్నాడు. చిల్లర పల్లీలకు పోయింది. నేను ఇచ్చాను.